పాత నంబరు విప్పని టైలరు

టేపక్క నోరు మంచిది కాదు. ఈ మాట ఆవిడంటే గిట్టనివాళ్లు అనరు, ఆవిడ కుట్టిన బట్ట తప్ప ఇంకొకరిది ఒంటిమీద వేసుకోని వాళ్లే అంటారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. ఈవిడ విషయంలో నోరు మారలేదు, ఊరే సర్దుకుపోయింది. చొక్కా బిగుతుగా ఉందని ఎవరైనా వెనక్కి తెస్తే, "కొలత తీసిన రోజు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డావు. ఇప్పుడు వదిలావు. తప్పు నా కత్తెరదా, నీ పొట్టదా?" అని అడిగేది. అడిగి, తిడుతూనే పక్క కుట్లు విప్పి వదులు చేసి ఇచ్చేది.

నిద్రలో తప్ప మెడలోంచి టేపు తీయదు కాబట్టి టేపక్క అయింది. వయసు యాభై రెండు. వీధి మలుపులో ఒకే గది కొట్టు. గుమ్మం పక్కన మిషను, వెనక బల్ల, బల్ల కింద ముక్కల సంచి. మూలన స్టూలు మీద ఆవిడ మొగుడు కాజాలు కుడుతూ, గుండీలు వేస్తూ ఉంటాడు. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు "ఊఁ"లు. మిగతా నాలుగూ పెళ్లాం పనిలో తప్పులు చూపించడానికి.

టేపక్కకు పనిలో ఒక నియమం ఉంది, ఒక బద్ధకం ఉంది. కథంతా ఆ రెంటి మీదే నడిచింది కాబట్టి ముందే చెబుతాను.

నియమం ఏమిటంటే, పెరిగే పిల్లల బట్టలకు లోపల రెండంగుళాల మడత వదలాలి. ప్యాంటు కింద, చొక్కా చేతుల చివర. పిల్లాడు పెరిగేకొద్దీ ఆ మడత విప్పి దించుకోవచ్చు. "మడత వదలని టైలరు పిల్లలు పెరగకూడదని కోరుకున్నట్టే" అనేవాడు ఆవిడకు పని నేర్పిన తండ్రి.

బద్ధకం గురించి చెప్పాలంటే ముందు పెద్దగోడ గురించి చెప్పాలి.

వీధికి రెండు మలుపుల అవతల పిల్లల హోం ఉంది. తప్పు చేశారని పోలీసులు పట్టుకున్న పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని విచారణ తేలేదాకా అందులో ఉంచుతారు. బోర్డు మీద మాత్రం 'హోం' అని రాసి ఉంటుంది. ఇల్లు అని పేరు పెట్టుకున్న చోటికి పన్నెండడుగుల గోడ ఎందుకో ఎవరూ అడగరు. వీధి జనం దాన్ని పెద్దగోడ అనే పిలుస్తారు. నాలుగేళ్లుగా అక్కడి పిల్లల బట్టల పని టేపక్కదే. కొత్తగా వచ్చినవాళ్లకు కొలతలు తీయాలి, ప్రతి బుధవారం వెళ్లి చిరుగులు కుట్టాలి, ఊడిన గుండీలు వేయాలి. ప్రతి చొక్కా జేబు మీద ఆఫీసువాళ్లు సిరాతో నంబరు వేసి ఇచ్చిన తెల్లగుడ్డ ముక్క కుట్టాలి. లోపల పిల్లల్ని పేరుతో పిలవరు. ఆ నంబరే పేరు.

నంబరు మారినప్పుడు పాత ముక్క విప్పి ఆఫీసులో అప్పగించి, కొత్తది కుట్టాలని రూలు. ముప్పై చొక్కాలు కుప్ప పోసి సాయంత్రానికల్లా కావాలంటే కుట్లు విప్పుతూ కూర్చోవడానికి ఆవిడకు ఓపిక లేదు. కొత్త ముక్క అంచులు లోపలికి మడిచి, పాతదాని మీదే వేసి చుట్టూ మిషను తిప్పేసేది. పాతవి ఏవని గుమస్తా అడిగితే, విప్పేటప్పుడు చిరిగాయి, పారేశానని చెప్పేది. అతనూ సరే అనుకునేవాడు.

మొగుడు మాత్రం ఒకసారి చూసి, "పాతది విప్పకుండా కొత్తది కుడతారా ఎవరైనా? ఇదేం పనితనం?" అన్నాడు. ఆ రోజుకు ఆయన నాలుగు మాటలూ అయిపోయాయి.

"మీ కాజాలేవో మీరు చూసుకోండి" అంది టేపక్క.

ఇక నిచ్చెన. అది ఆ పిల్లాడికి టేపక్క పెట్టిన పేరు. పదిహేనేళ్లవాడు, సన్నగా, మోకాళ్లూ మోచేతులే ఎక్కువగా ఉంటాడు. ఎవరిదో తాళం మరిచిపోయిన స్కూటరెక్కి నాలుగు వీధులు తిరిగాడు, పెట్రోలు అయిపోతే అక్కడే వదిలి నడిచి ఇంటికొచ్చాడు. అదీ వాడి నేరం. మొదటిసారి కొలత తీసినప్పుడు వాడి నంబరు పదిహేడు. కుడి భుజం ఎడమదానికంటే అరంగుళం కిందికుందని గమనించి, పుస్తకంలో ఆ నంబరు పక్కన 'కు. భు. అర దిగుడు' అని రాసుకుంది. అలాంటివి రాసుకోకపోతే కాలరు పక్కకు లాగుతుంది.

నాలుగు నెలల తర్వాత కొత్తవాళ్ల వరసలో వాడే నిలబడ్డాడు. ఈసారి నంబరు నలభై. అంగుళం పొడుగయ్యాడు, భుజం దిగుడు మాత్రం అలాగే ఉంది, అదీ రాసుకుంది. "మళ్లీ వచ్చావా? సిగ్గు లేదురా? అమ్మ ఎట్లా చస్తుందో అనుకోలేదా?" అని టేపు వాడి నడుం చుట్టూ వేస్తూ చెడామడా తిట్టింది. వాడు నేలకేసి చూశాడు. గుమస్తా చొక్కా విసిరి, "కొత్తది వద్దు, పాతదానికే నంబరు మార్చు" అన్నాడు.

ఇంకో నాలుగు నెలలకు మళ్లీ వాడే. నంబరు అరవై ఒకటి. ఇంకో అంగుళం పెరిగాడు. "నిచ్చెనలా పెరుగుతున్నావు గానీ బుద్ధి మాత్రం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఎన్నిసార్లు పోతావు, ఎన్నిసార్లు వస్తావురా?"

వాడు మొదటిసారి తలెత్తాడు.

"నేను బయటికి పోతే కదా ఆంటీ, మళ్లీ రావడానికి" అన్నాడు.

టేపక్క చేతిలో టేపు ఆగింది. ఆ రోజు గురువారం. ముందురోజు బుధవారం ఇదే పిల్లాడు ఇదే చొక్కా పట్టుకొచ్చి ఆవిడ చేత గుండీ కుట్టించుకున్నాడు. బుధవారం గుండీ కుట్టించుకున్నవాడు గురువారం కొత్తగా ఎలా వస్తాడు? ఆవిడ వాడి కొలత పుస్తకంలో రాసుకుని, భుజం గురించి కూడా మళ్లీ రాసి, చొక్కాలన్నీ సంచిలో వేసుకుని బయటపడింది. మూడో ముక్కను కూడా రెంటి మీదే కుట్టింది. కుడుతున్నంతసేపూ వాడిని తిట్టిన తిట్లే చెవుల్లో మోగాయి. చేయని తప్పుకు పిల్లాణ్ని అన్నానని ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే ఆవిడకు వెంటనే కోపం వస్తుంది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

నిచ్చెన తల్లి డిపోలో బస్సులు కడుగుతుంది. టేపక్క వెతుక్కుంటూ పోయేసరికి ఆవిడ ఒక బస్సు మెట్ల మీద మోకాళ్లు వంచి బ్రష్షుతో తోముతోంది.

"వాడి సంగతి నాకు చెప్పకక్కా" అంది తల వంచుకునే. "రెండుసార్లు వదిలిపెడితే రెండుసార్లూ ఇంటి గడప కూడా తొక్కకుండా మళ్లీ తప్పు చేసి దొరికాడంట. సూపరింటెండెంటు సార్ చెప్పాడు. మొదటిసారే నాకు మొహం చూపించొద్దని చెప్పేశా. పోయి చూసి నాలుగు నెలలు కావస్తోంది."

"వదిలినట్టు నీకెవరు చూపించారు?"

"నా సంతకాలే ఉన్నాయక్కా కాగితాల మీద. నాకు అప్పగించినట్టు. అవెప్పుడు పెట్టానో నాకే గుర్తులేదు. చూడ్డానికి పోయినప్పుడల్లా గేటు దగ్గర ఏదో ఒక కాగితం మీద పెట్టమంటారు కదా."

టేపక్క ఆ తడి మెట్టు మీదే కూర్చుని జరిగింది చెప్పింది. తల్లి బ్రష్షు బకెట్లో పడేసి, తడి చేతుల్తోనే మొహం కప్పుకుంది. "కన్నతల్లిని, నేను కూడా నమ్మలేదు కదా వాణ్ని" అని ఒకటే మాట.

"నేనూ నమ్మలేదు. తిట్టాను కూడా" అంది టేపక్క. "ఏడుపు తర్వాత ఏడుద్దాం. లే."

పెద్దగోడ గేటు ఎదుట ఒక సిమెంటు బెంచీ ఉంది. ఆదివారాలు లోపలికి పిలుపు వచ్చేదాకా తల్లులు అక్కడ కూర్చుంటారు. రెండేళ్లుగా ఆ బెంచీ తల్లులు, వాళ్లకు సాయం చేసే ఒక కుర్ర లాయరమ్మ కలిసి ఒకటే అడుగుతున్నారు. చిన్న చిన్న తప్పులు చేసిన పిల్లల్ని ఇంట్లో ఉంచండి, బడి మాన్పించొద్దు, పిల్లాడు వాయిదాకు రాకపోతే అడగడానికి వీధిలో పదిమంది పూచీ పడతారు అని. ఆ అర్జీలు ఏ బల్ల కింద పడ్డాయో ఎవరికీ తెలియదు. టేపక్క అంతవరకు ఆ బెంచీ వైపు చూసేది కాదు. తన పనేదో తనది.

టేపక్క తెచ్చిన కొలతల పుస్తకం చూసి లాయరమ్మ లేచి నిలబడింది. "అక్కా, చిన్న కేసు నాలుగు నెలల్లో తేలకపోతే పిల్లాణ్ని ఇంటికి పంపాలని చట్టం. అందుకే నాలుగో నెల చివర వదిలేసినట్టు రాసి, మర్నాడు కొత్త నంబరుతో చేర్చుకున్నట్టు రాస్తున్నారు. పైవాళ్లు రిజిస్టరు చూస్తే అంతా శుభ్రంగా ఉంటుంది. పిల్లాడు మాత్రం కదల్లేదు. ఇలా ఎంతమంది ఉన్నారో."

ఆ ఆదివారం నుంచి బెంచీ మీటింగులు టేపక్క కొట్టుకు మారాయి. కుర్చీలు చాలక తల్లులు ముక్కల సంచి మీద కూర్చున్నారు. స్కూటరు యజమానిని కూడా లాయరమ్మ పట్టుకొచ్చింది. బండి మర్నాడే దొరికిందనీ, ఆ సంగతి తాను మరిచే పోయాననీ అన్నాడాయన. పిల్లాడు ఇంకా లోపలే ఉన్నాడని తెలిసి, పూచీ కాగితం మీద మొదటి సంతకం ఆయనే పెట్టాడు.

సంగతి పెద్దగోడ దాటి లోపలికి పోయింది. నిచ్చెన తల్లి ఎన్నిసార్లు పోయినా గేటు దాటనివ్వలేదు. సూపరింటెండెంటు టేపక్కను గదికి పిలిపించాడు. నాలుగేళ్లలో ఒక్కసారీ కూర్చోమనని మనిషి ఆ రోజు కుర్చీ జరిపి, టీ తెప్పించాడు.

"కొలతల పుస్తకం పాతబడిపోయిందటగా. ఇక్కడ పెట్టి వెళ్లమ్మా. ఆఫీసు కొత్తది ఇస్తుంది."

"నాకు పాతదే అలవాటు సార్."

"వచ్చే నెల నీ కాంట్రాక్టు మళ్లీ రాయాలి. గుర్తుందా?"

ఇంటి ఖర్చులో సగం ఆ పనే గడుపుతుందని టేపక్కకు గుర్తుంది. మొగుడి మోకాలి మందులు కూడా గుర్తున్నాయి. టీ గ్లాసు ముట్టకుండా లేచింది.

"రాయకపోతే రాయొద్దు సార్. మీ సంతకం లేకపోయినా నా సూది గుచ్చుకుంటుంది."

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆయన దారం కొరికి, కాజా పూర్తి చేసి, కళ్లజోడు తీశాడు. "మంచి పని చేశావు" అన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆ మాట అనడం రెండోసారి.

విచారణ రోజు వచ్చింది. అరవై ఒకటో నంబరుకు అది మూడో నెల. ఆ రోజు తేలకపోతే ఇంకో నెలకు వాడికి నాలుగో నంబరు వస్తుంది. ఆ సంగతి తల్లికి తెలుసు, వాడికీ తెలుసు. గేటు దగ్గర కానిస్టేబులు టేపక్క సంచి వెతికి కత్తెర, బ్లేడు, సూదుల డబ్బా తీసేసుకున్నాడు. మెడలో టేపు ఉంచాడు.

అది పెద్ద కోర్టు హాలేం కాదు. పొడుగాటి బల్ల, అటువైపు మేజిస్ట్రేటమ్మ, పక్కన రాసుకునే గుమస్తా. గోడకు ఆనుకుని బెంచీ తల్లులు. నిచ్చెన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఏడు నెలల తర్వాత తల్లిని చూశాడు. చూసి, మొహం చూపించొద్దన్న మాట గుర్తుకొచ్చిందేమో, తల తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం చూసి తల్లి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

లాయరమ్మ కొలతల పుస్తకం బల్ల మీద పెట్టి చెప్పాల్సింది చెప్పింది. సూపరింటెండెంటు నిమ్మకు నీరెత్తినట్టు లేచాడు.

"మేడమ్, ఇందులో పేర్లు లేవు. పదిహేడు, నలభై, అరవై ఒకటి. ముగ్గురు వేరు వేరు పిల్లలు కావచ్చు. ఈ పిల్లాడి సంగతి మా రిజిస్టర్లో స్పష్టంగా ఉంది. వచ్చాడు, వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. ఒక దర్జీ పద్దు చూసి ప్రభుత్వ రిజిస్టరును కాదంటామా?"

మేజిస్ట్రేటమ్మ పుస్తకం తిరగేసి, "పేర్లు లేవు, నిజమే" అంది.

టేపక్కకు పేర్లు రాయాలని నాలుగేళ్లలో ఒక్కసారి తట్టలేదు. ఆఫీసువాళ్లు నంబరంటే తానూ నంబరే అంది. తల ఎత్తి నిచ్చెన వైపు చూసింది. వాడి జేబు మీద అరవై ఒకటి. ఆ ముక్క అట్టలా మందంగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంది. ఇదేం పనితనం అన్న మొగుడి మాట గుర్తొచ్చింది.

"మేడమ్, నేను మాట్లాడొచ్చా?"

"ఎవరు మీరు?"

"ఆ బద్ధకపు దర్జీని నేనే. ఆ చొక్కా ఒకసారి ఇప్పించండి."

నిచ్చెన చొక్కా విప్పి ఇచ్చాడు. ఎముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్న ఛాతీ మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టేపక్క అలవాటుగా సంచిలో చెయ్యి పెట్టింది. కత్తెర లేదు, బ్లేడు లేదు. మేజిస్ట్రేటమ్మ ఎవరినో పిలవబోయేలోపే జేబును నోటి దగ్గరికి తీసుకుని పళ్లతో దారం పట్టి లాగింది. టక్. ఇంకో కుట్టు. టక్. అరవై ఒకటి ఊడింది. కింద నలభై. దాని చుట్టూ కూడా కొరికింది. కింద, వెలిసిపోయిన సిరాతో, పదిహేడు.

మూడు ముక్కలూ బల్ల మీద వరసగా పెట్టి, పెదవికి అంటిన దారప్పోగు తుడుచుకుంది. "పాతది విప్పి కొత్తది కుట్టాలి మేడమ్. నేను విప్పలేదు. విప్పానని వీళ్లకు అబద్ధం చెప్పాను. ఒకే చొక్కా, మూడు నంబర్లు."

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "ఒకరి చొక్కా ఇంకొకరికి ఇస్తుంటాం. పిల్లలు మారారు, చొక్కా మారలేదు. అంతే."

టేపక్క ఆ మాట కోసమే కాచుకున్నట్టు నవ్వింది. "మేడమ్, పుస్తకంలో ఆ మూడు నంబర్ల పక్కనా ఏం రాసుందో చూడండి. నాలుగేళ్లలో ఆ మాట నేను ఇంకెవరికీ రాయలేదు."

మేజిస్ట్రేటమ్మ మూడు పేజీలు వెతికి, మూడుసార్లు పైకే చదివింది. "కు. భు. అర దిగుడు. అంటే?"

"కుడి భుజం అరంగుళం కిందికుంటుందని. ముగ్గురు పిల్లలకూ కుడి భుజమే, అదీ అరంగుళమే దిగి ఉంటుందా సార్?" మెడలోంచి టేపు తీసి బల్ల మీదుగా చాచింది. "నా మాట వద్దు మేడమ్. మీరే కొలవండి."

మేజిస్ట్రేటమ్మ టేపు అందుకుని, కుర్చీ వెనక్కి నెట్టి లేచి వచ్చింది. నిచ్చెనను నిటారుగా నిలబడమంది. నేల నుంచి ఎడమ భుజానికి కొలిచింది, కుడి భుజానికి కొలిచింది. కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ కొలిచింది.

"అరంగుళం" అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టని సామెత. ఆ క్షణాన సూపరింటెండెంటు చెయ్యి నిజంగానే తన భుజం మీదికి పోయింది. బెంచీ తల్లుల్లో ఒకావిడ కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

"ఈ ముక్కలు కుట్టింది ఈ చేత్తోనే మేడమ్" అంది టేపక్క. "మళ్లీ వచ్చావా అని ఈ పిల్లాణ్ని తిట్టింది ఈ నోటితోనే. తప్పు చేసినవాళ్ల జాబితా రాస్తే అందులో నన్నూ రాయండి. నాకేం భయం లేదు. కానీ అక్కడ నేను ఇలా మందంగా కుట్టిన జేబులు ఇంకా చాలా ఉన్నాయి. వాటినీ చూడండి."

మేజిస్ట్రేటమ్మ కుర్చీలోకి పోయి చాలాసేపు రాసింది. పిల్లాడు ఆ రోజే, ఆ గదిలోంచే ఇంటికి పోవాలి. వీధివాళ్ల పూచీ చాలు. హోంలో ఉన్న ప్రతి చొక్కా మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఈ బల్ల మీదికి రావాలి. రిజిస్టర్లు కూడా. చదివి వినిపించి, కానిస్టేబులు వైపు తిరిగి, "ఈవిడ కత్తెర ఈవిడకు ఇచ్చేయండి. మూడు గంటలకు పనుంది" అంది.

తల్లి గోడ దగ్గర్నుంచి కదల్లేకపోయింది. నిచ్చెన కూడా కదల్లేదు. ఇద్దరి మధ్యా నాలుగడుగులుంటాయి. "నేను పోలేదమ్మా" అన్నాడు వాడు, అంతే. ఆ నాలుగడుగులూ తల్లి ఎలా దాటిందో ఎవరూ చూడలేదు.

టేపక్క ముక్కు చీదుకుని, సంచిలోంచి ఒక కొత్త చొక్కా తీసింది. నీలం రంగు. జేబు మీద ఏమీ లేదు. పుస్తకంలోని ఆఖరి కొలత చూసి కుట్టింది. కాజాలు మొగుడివి. కుడి భుజం వైపు అరంగుళం సరిచేసి ఉంది. వాడికి తొడిగి, కాలరు సర్ది, గుండీలు పెట్టి, చేతులు కిందికి లాగింది. మణికట్టు ఎముక బయటే ఉంది. ఇంకోసారి లాగింది. అందలేదు.

"మడత ఉందిలేరా. సాయంత్రం కొట్టుకు రా, విప్పుతాను" అని, టేపు అందుకుని వాడి చెయ్యి కొలిచింది. తర్వాత రాసుకునే గుమస్తా వైపు తిరిగింది.

"వీణ్ని ఆఖరుసారి కొలిచి మూడు నెలలైంది. చెయ్యి అరంగుళం పెరిగింది" అంది. "అది కూడా రాసుకోండి."